‘ఒల్లను’ అన్న మాటకు ప్రమాణం

ఒకానొక రాజ్యంలో రాజుగారి మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. రాజుగారు ఎప్పుడూ సరైన మాటే చెప్పడం అందుకు కారణమని కొలువులో అనేవారు. ఊళ్లో వేరే కారణం చెప్పుకునేవారు గానీ, గొంతు తగ్గించి.

ఆ రాజ్యం పేరు ముత్యాలదుర్గం, రాజు పేరు ఉద్దండభూపతి. మనిషి చెడ్డవాడు కాదు. బాటలు వేయించాడు, కరువు వచ్చినప్పుడు గాదెలు తెరిపించాడు. కాకపోతే ప్రతిదానికీ తన పేరు ఉండాలి. బాట ఉద్దండ మార్గం. గాదె ఉద్దండ ధాన్యాగారం. పట్టపుటేనుగు ఉద్దండ గజం. ఇంకేం మిగిలిందని వెతికితే తెలుగు మాటలు మిగిలాయి. వాటన్నిటినీ పోగుచేసి ‘ఉద్దండ నిఘంటువు’ రాయమని ఆస్థాన పండితుడు సోమయాజులను నియమించాడు.

నిఘంటువు పూర్తయిన రోజున దండోరా వేయించాడు. ఇకమీదట రాచకొలువులో విన్నపమైనా, జవాబైనా ఆ నిఘంటువులోని మాటల్లోనే ఉండాలి. అందులో లేని మాట పలికితే పలకనట్టే లెక్క.

ఈ ఆజ్ఞ వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు, చెంగమ్మకు తప్ప.

చెంగమ్మది గాజుల వీధి. తండ్రి ముసలయ్య కొలిమి దగ్గర గాజులు చేస్తే, ఆమె గాజుల మలారం భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి తొడిగేది. రోజూ ఆడవాళ్ల చేతులు పట్టుకోవడమే పని గనక, మనసులో ఇష్టం లేనప్పుడు చెయ్యి ఎలా బిగుసుకుంటుందో ఆమెకు తెలుసు. బిగిసిన చేతికి గాజు ఎక్కదు. బలవంతం చేస్తే పగులుతుంది.

ఒకరోజు రాణివాసంలో గాజులు తొడుగుతుంటే రాజుగారి బావమరిది చలమరాజు ఆమెను చూశాడు. మర్నాడు పొద్దున్నే ముసలయ్య ఇంటికి పట్టుచీర, పూలు, తాంబూలం పెట్టిన వెండి పళ్లెం వచ్చింది. పళ్లెం తెచ్చిన బంటు, దొరవారు పిల్లను పెళ్లాడతారని చెప్పి, అందుకోమన్నట్టు చేతులు చాపాడు.

చెంగమ్మ పళ్లెం వైపు చూసింది. తన పిడికిలి తనకు తెలియకుండానే బిగుసుకుంది.

“ఒల్లను” అని పళ్లాన్ని వెనక్కి నెట్టింది.

బంటు పళ్లెం అక్కడే వదిలి, తిరిగి వెళ్లి ఆ మాటే చెప్పాడు. చలమరాజు దాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయనతో ఆ మాట అన్నవాళ్లు లేరు. అర్థం కాక బావగారి దగ్గరికి పోయాడు. సాయంత్రానికి చెంగమ్మ కొలువులో నిలబడి ఉంది.

“పిల్లా, మా బావమరిది తాంబూలం పంపితే ఏం జవాబు చెప్పావు?” అని రాజు అడిగాడు.

“ఒల్లను అన్నాను ప్రభూ.”

రాజు సోమయాజుల వైపు చూశాడు. సోమయాజులు తాటాకుల కట్ట విప్పి, వేలు పైకీ కిందికీ జరిపాడు.

“ఒప్పందం ఉంది ప్రభూ. ఒరవడి ఉంది. ఆ తర్వాత ఒళ్లు ఉంది. నడుమ ఏమీ లేదు.”

“అంటే?”

“ఈ పిల్ల పలికిన మాట నిఘంటువులో లేదు. లేని మాటకు అర్థం లేదు. అర్థం లేనిది జవాబు కాదు. తాంబూలం వెళ్లింది, కాదన్న జవాబు రాలేదు. కనుక ఒప్పుకున్నట్టే.”

చలమరాజు మీసం సవరించుకున్నాడు.

చెంగమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. నోరు తెరిచి, అందరికీ వినపడేలా చెప్పిన మాట ఇంత పెద్ద సభలో ఎక్కడికి పోయినట్టు? “వద్దన్నాను ప్రభూ! నాకు ఇష్టం లేదన్నాను!” అంది.

సోమయాజులు ఓపికగా నవ్వాడు. “వద్దు అనేది పెద్దలు చిన్నవాళ్లను వారించే మాటమ్మా. రాజబంధువును నువ్వు వారించకూడదు. ఇక లేదు అనేది సరుకుల విషయంలో చెల్లుతుంది. ఉప్పు లేదు, చింతపండు లేదు అనొచ్చు. ఇష్టం సరుకు కాదు కదా.”

సభ అంతా తల ఊపింది.

అప్పుడు ఒక మూల నుంచి ఎవరో దగ్గారు. ఆయన పేరు ఓబన్న. కొలువులో ఆయన ఉద్యోగం ఏమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. మంత్రి కాదు, కవి కాదు. ఆయన రాని రోజున మాత్రం సభలో అందరికీ ఆవలింతలు వచ్చేవి. అందుకని రాజు ఒక ఆసనం వేయించాడు.

“సోమయాజులవారూ, చిన్న సందేహం. ఆ మాట నిఘంటువులో ఎందుకు లేదు? ఎలుకలు కొరికాయా?”

“పద్ధతి ప్రకారమే లేదు” అన్నాడు సోమయాజులు. “పెద్దల నోటి నుంచి వచ్చిన ప్రయోగం దొరికితేనే నేను మాటను ఎక్కిస్తాను. ఏడాది పొడుగునా ఈ సభలో ఘంటం పట్టుకుని కూర్చున్నాను. చెవిన పడ్డ మాటనల్లా రాసుకున్నాను. ఈ మాట ఒక్కరూ అనలేదు. అంటే చచ్చిపోయిన మాట. శవాన్ని పీట మీద కూర్చోబెట్టమంటారా?”

“ఈ పిల్ల అన్నది కదా. ఆమె బతికే ఉంది.”

“గాజులమ్మేవాళ్ల మాట గ్రామ్యం. సభలో ఆసనం ఉన్నవాళ్ల మాటే ప్రమాణం.”

“వాళ్లలో ఎవరి మాట గట్టి ప్రమాణం?”

“అదీ అడగాలా? ప్రభువులది.”

ఓబన్న రాజు వైపు తిరిగి చేతులు జోడించాడు. “ప్రభూ, ఆసనం ఉన్న ఒక్కరి నోట ఈ మాట వినిపిస్తే ఈ పిల్ల మాట చెల్లుతుందా?”

ఉద్దండభూపతికి ఈ సంగతి సరదాగా తోచింది. “నా సభలోనా? నా ఎదుటా? వినిపించు చూద్దాం. రేపు సభ ముగిసేలోగా వినిపిస్తే చలమరాజు పళ్లెం వెనక్కి తీసుకుంటాడు. లేకపోతే ఎల్లుండి ముహూర్తం. పెళ్లికొడుకు గుర్రం ముందు నువ్వు చిడతలు వాయిస్తూ నడవాలి.”

“ఒక నియమం ప్రభూ” అన్నాడు సోమయాజులు తొందరగా. “ఇప్పుడు మనం పలికినట్టు, మాటను గురించి మాట్లాడుతూ పలికితే చెల్లదు. ఫలానావారు అన్నారని చెప్పినా చెల్లదు, ఓబన్నగారే అన్నా చెల్లదు. నిజంగా ఇష్టం లేక, కడుపులోంచి రావాలి.”

“కడుపులోంచే తెప్పిస్తాను” అన్నాడు ఓబన్న.

బయట కోట మెట్ల మీద చెంగమ్మ ఆయనను ఆపింది. “అయ్యా, వాళ్లెవరూ ఆ మాట అనరయ్యా. వాళ్ల మొహాలు చూశాను.”

“అనరు. నేనూ చూశాను.”

“మరి ఎందుకొప్పుకున్నారు?”

“చిన్నప్పుడు నీకు మొదట వచ్చిన మాట ఏమిటమ్మా?”

“అమ్మ.”

“ఆ తర్వాత?”

చెంగమ్మ ఆలోచించింది. గుర్తు రాలేదు.

“ఇంటికి పోయి మీ నాన్నను అడుగు” అని, ఓబన్న గుర్రపుసాల వైపు గబగబా నడిచాడు. “నాకు కాస్త దూరం వెళ్లి రావలసిన పనుంది.”

ఇంటికి పోయి అడిగితే ముసలయ్య కొలిమి మంట వైపే చూస్తూ చెప్పాడు. “ఒల్ల. అదే నీ రెండో మాట. బువ్వ తినమంటే ఒల్ల, నీళ్లు పోసుకోమంటే ఒల్ల, పడుకోమంటే ఒల్ల. మీ అమ్మ నీతో వేగలేక చచ్చేది.” కొలిమిలో బొగ్గులు ఎగదోసి, “అప్పుడు ఎవరూ నిన్ను ప్రమాణం అడగలేదు తల్లీ” అన్నాడు. చెంగమ్మ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

మర్నాడు సభ కిటకిటలాడింది. ఓబన్న కళ్లు ఎర్రగా, అంగవస్త్రం దుమ్ముగా ఉన్నాయి. అయినా హుషారుగానే లేచి దళవాయి దగ్గరికి వెళ్లాడు.

“దళవాయిగారూ, ప్రభువుల వింజామరకు కుచ్చు తక్కువైంది. మీ మీసం ఒక పక్క తీయించి దానికి కట్టాలనుకుంటున్నాం. ఏమంటారు?”

దళవాయి చెయ్యి మీసం మీదికి పోయింది. ముప్పై ఊళ్లలో పేరున్న మీసం అది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. రాజు వైపు చూశాడు. రాజు ఆయన వైపే చూస్తున్నాడు.

“చిత్తం” అన్నాడు దళవాయి.

ఓబన్న కోశాధికారి దగ్గరికి కదిలాడు. “మీ అత్తగారు పండక్కి వచ్చి వెళ్లిపోతున్నారట. ఇక ఎప్పటికీ మీ ఇంట్లోనే ఉండిపోవాలని ప్రభువుల కోరిక అయితే?”

కోశాధికారి పెదవులు కదిలాయి. మాట బయటికి రావడానికి కొంత సేపు పట్టింది. వచ్చింది మాత్రం “చిత్తం” అనే.

ఉద్దండభూపతి సింహాసనంలో ఇంకాస్త నిటారుగా కూర్చున్నాడు. చలమరాజు పక్కనున్నవాడితో పెళ్లి ఊరేగింపు గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. స్తంభం పక్కన నిలబడ్డ చెంగమ్మకు ఆ మాటలు వినపడుతున్నాయి. ఏనుగా, గుర్రమా అని తర్జనభర్జన పడుతున్నారు.

“ఏం ఓబన్నా, చిడతలు తెప్పించమంటావా?” అన్నాడు రాజు.

“సభ ఇంకా ముగియలేదు కదా ప్రభూ. ఈలోగా ఏలినవారిని చూడాలని ఒక ముసలమ్మ వచ్చింది. లచ్చవ్వ అంటే తెలుస్తుందని చెప్పింది.”

“లచ్చవ్వా!”

రాజు సింహాసనం దిగాడు. ఆ దిగడం చూసి సభంతా లేచి నిలబడింది. లచ్చవ్వ ఆయనను పాలిచ్చి పెంచిన దాది. ఆయనకు పట్టాభిషేకం అయ్యాక సొంత ఊరికి వెళ్లిపోయింది. నడుం వంగిన ఆ ముసలమ్మ దారిలో దండాలు పెడుతున్నవాళ్లను పట్టించుకోకుండా నేరుగా వచ్చి, రాజు బుగ్గలు రెండు చేతులా నిమిరి, కణతల దగ్గర మెటికలు విరిచింది.

“నా చిన్నయ్యా! ఎంత వాడివైపోయావు!”

“బాగున్నావా అవ్వా?” అన్నాడు రాజు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండగలదని చెంగమ్మ అనుకోలేదు.

“నా సంగతికేంలే. నువ్వు బాగాలేవని ఈ అబ్బి వచ్చి చెప్పాడు. మొహం ఉబ్బిందేం? ఏదీ, నాలుక చాపు.”

రాజు చాపాడు. చాపాక గానీ ఎక్కడున్నాడో గుర్తు రాలేదు. అప్పటికే సభ అంతా చూసింది.

“చూశావా, సున్నం కొట్టినట్టుంది!” అంటూ అవ్వ కొంగు చాటు నుంచి ఒక ఉగ్గుగిన్నె తీసింది. పసిపిల్లలకు పాలు పట్టే ముక్కు గిన్నె. అందులో ఉన్నది పాలు కాదని ముందు వరుసలోని ముక్కులకు వెంటనే తెలిసింది. ఆముదం. అప్పుడే కాచింది.

రాజు ఒక అడుగు వెనక్కి వేశాడు. “అవ్వా, ఇది సభ.”

“సభైతే? కడుపు ఇంట్లో పెట్టి వచ్చావా?”

“రేపు తాగుతాను.”

“ఈ రేపులు నాకు కొత్తా? ధాన్యం బుట్టలో దాక్కుంటే కాళ్లు పట్టుకుని బయటికి లాగేదాన్ని. ఇదుగో బెల్లం ముక్క కూడా తెచ్చాను. నా తండ్రివి కదూ, ముక్కు మూసుకో.”

రాజు ఇంకా వెనక్కి జరిగాడు. సింహాసనం పిక్కలకు తగిలింది. ఇక వెనక్కి పోయే దారి లేదు. గిన్నె ముక్కు ఆయన పెదవుల దాకా వచ్చింది.

“ఒల్లను!”

“ఒక్క గుక్క నాయనా.”

“ఒల్లనంటే ఒల్లను అవ్వా! ఒల్లను!”

అది రాజు గొంతు కాదు. అయిదేళ్ల పిల్లవాడి గొంతు. స్తంభాల మధ్య ఖంగుమని మోగి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో గీక్, గీక్‌మని చప్పుడు వినిపించింది. సోమయాజుల ఘంటం. మాట చెవిన పడగానే రాసుకోవడం ఆయనకు ఏడాదిగా అలవాటు. రాసింది చూసుకున్నాడు. రాజు వైపు చూశాడు. మొహం పాలిపోయింది.

“సోమయాజులవారూ, ఇది మాటను గురించి మాట్లాడటమా?” అన్నాడు ఓబన్న.

“కా... కాదు.”

“ఎవరో అన్నారని చెప్పడమా?”

“కాదు.”

“కడుపులోంచి వచ్చిందా?”

సోమయాజులకు బదులు లచ్చవ్వే జవాబిచ్చింది. “కడుపులోంచి కాకపోతే ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మా అనకముందే నేర్చాడు ఆ మాట!”

రాజు మొహం ఎర్రబడింది. “ఓబన్నా, ఇది ద్రోహం” అన్నాడు. చెంగమ్మ ఊపిరి బిగబట్టింది.

“కావచ్చు ప్రభూ. ఒక్క మాట చెప్పి శిక్షకు నిలబడతాను. అవ్వ మీకు పాలిచ్చిన తల్లి. మీ మేలు కోరి, ఈ వయసులో, బండిలో ఒళ్లు హూనం చేసుకుని వచ్చింది. అయినా మీరు ఒల్లనన్నారు. అప్పుడు ఈ సభలో ఒక్కరైనా అర్థం కోసం నిఘంటువు తిరగేశారా? ఎవరికైనా సందేహం వచ్చిందా? నిన్న ఈ పిల్ల అన్నదీ ఇదే మాట. పైగా ఆమె ముందు పెట్టింది ఒక్క గుక్కలో అయిపోయేది కూడా కాదు.”

ఎక్కడో వెనక వరుసలో ఎవరో నవ్వు ఆపుకోలేక ముక్కుతో చప్పుడు చేశారు. రాజు ఆముదం గిన్నె వైపు చూశాడు. తర్వాత బావమరిది వైపు చూశాడు. మళ్లీ గిన్నె వైపు చూశాడు. ఆయన పెదవి వణికింది.

“బావా, విన్నావా? ఓబన్న నిన్ను ఆముదం చేశాడు.”

“చిత్తం” అన్నాడు చలమరాజు, అలవాటు కొద్దీ.

అంతే. ఉద్దండభూపతి పగలబడి నవ్వాడు. కిరీటం పక్కకు ఒరిగింది. కూర్చుని నవ్వాడు, కళ్లు తుడుచుకుని నవ్వాడు. సభ కూడా నవ్వింది. ఈసారి రాజు నవ్వాడని కాదు, ఆపుకోలేక. చెంగమ్మకు మాత్రం ఏడుపు వచ్చింది. స్తంభానికి ఆనుకుని, పైట చెరగు నోటికి అడ్డం పెట్టుకుని, బిగబట్టిన ఊపిరి వదిలింది.

“పళ్లెం వెనక్కి తీసుకో బావా” అన్నాడు రాజు, నవ్వు తగ్గాక. “సోమయాజులవారూ, ఒరవడికీ ఒళ్లుకూ నడుమ చోటు చేయండి.”

“చేస్తున్నాను ప్రభూ. ఒల్లను: ఇష్టపడను, అంగీకరించను. ప్రయోగం...” సోమయాజులు ఘంటం ఆపాడు. “ప్రయోగం కింద ఎవరి పేరు రాయమంటారు? ఏలినవారిదేనా?”

బడిపిల్లలు తరతరాలుగా ఆ ఆకు చదువుతూ, రాజు ఆ మాట ఎందుకన్నాడని అయ్యవారిని అడగడం ఉద్దండభూపతి కళ్ల ముందు కదిలింది. తన పేరు దేనికైనా అక్కర్లేదని ఆయనకు అనిపించడం అదే మొదలు.

“నాకంటే ముందు ఆ పిల్ల అన్నది. ముందన్నవాళ్ల పేరే రాయాలి.”

“ప్రభూ, గాజులమ్మేవాళ్ల మాట గ్రామ్య...”

“సోమయాజులవారూ.”

“చిత్తం. గాజుల చెంగమ్మ. రాశాను.”

“ఇంకొకటి. ఈ సభలో ఆ మాట అన్నందుకు ఎవరికీ శిక్ష లేదు.”

దళవాయి ఒక్క ఉదుటున ముందుకొచ్చాడు. “అయితే ప్రభూ, ఆ మీసం సంగతి... ఒల్లను!” కోశాధికారి కూడా ముందుకొచ్చాడు గానీ, ఆయన చెప్పబోయింది సభ నవ్వులో ఎవరికీ వినపడలేదు. వినపడాల్సిన అవసరం కూడా లేకపోయింది.

“మీ రాతలయ్యాయా?” అంది లచ్చవ్వ. “ఇది చల్లారిపోతోంది. నోరు తెరు చిన్నయ్యా.”

“అవ్వా, నా మాట ఇప్పుడు చెల్లుతుంది. నిఘంటువులోకి ఎక్కింది.”

అవ్వ ఆయనను ఎగాదిగా చూసింది. “సరే పో. నీ కడుపు, నీ ఇష్టం” అని గొణుక్కుంటూ గిన్నె కొంగులో దాచింది. కొత్త పద్ధతి వల్ల రాజుగారు కూడా బాగుపడ్డారు. ఆయన మొహంలో కనిపించిన ఊరట ఎలాంటిదో సభలో చెంగమ్మకే బాగా తెలిసింది.

రాజు తన చేతి బంగారు కడియం తీసి ఓబన్న ముందు పట్టాడు. “ఇదైనా తీసుకుంటావా? ఒల్లనంటావా?”

“ఏ మాటకైనా వేళాపాళా ఉంటాయి ప్రభూ” అని ఓబన్న చెయ్యి చాపాడు. దుశ్శాలువా కూడా కప్పించుకున్నాడు.

సభ ముగిసింది. బయట ఎండ మండుతోంది. చెంగమ్మ దణ్ణం పెట్టి వెళ్లబోతుంటే రాజుకు ఏదో తోచింది. “పిల్లా, ఆగు. ఇంటికి పల్లకీలో పంపమంటావా?”

“ఒల్లను ప్రభూ. నడిచే పోతాను.”

అలవాటు కొద్దీ సభ ఒక్క క్షణం గుడ్లప్పగించింది. సోమయాజులు మాత్రం తాటాకుల కట్ట ముట్టుకోలేదు.

“సరే” అన్నాడు రాజు.

చెంగమ్మ మెట్లు దిగి, గాజుల వీధి వైపు ఎండలో నడిచింది.